ఒక గది దవాఖాన: డాక్టర్ హావా అబ్ది జీవితాన్ని మన ఊళ్ళలో ఎలా చెప్పాలి

మహిళా సంఘం సమావేశంలో గానీ, ఆశా కార్యకర్తల శిక్షణ రోజున గానీ, ఉన్నత పాఠశాలలో గానీ ఒక వైద్యురాలి జీవితం గురించి గంటసేపు చెప్పమని మిమ్మల్ని అడిగితే, సోమాలియా దేశానికి చెందిన డాక్టర్ హావా అబ్దిని ఎంచుకోమని నా సలహా. ఆరోగ్య శాఖలో ఉద్యోగం చేసిన కాలంలోనూ, విరమణ తరువాతా దేవరకొండ, మునుగోడు, అచ్చంపేట ప్రాంతాల పల్లెల్లో, తండాల్లో ఈమె జీవితాన్ని చాలాసార్లు చెప్పాను. కొన్నిచోట్ల బాగా కుదిరింది, కొన్నిచోట్ల నా చేతులారా చెడగొట్టాను. ఆ రెండింటి నుంచి నేర్చుకున్నదాన్ని, ఇకముందు చెప్పబోయే ఉపాధ్యాయులకూ, ఏఎన్‌ఎంలకూ, సంఘం లీడర్లకూ పనికివస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

పద్ధతి అంతా ఒక ప్రశ్న మీద నిలబడి ఉంటుంది. ఆమె జీవితంలోని ప్రతి దశ దగ్గరా ఆగి, "ఇప్పుడు ఆమె గడప ముందుకు ఎవరొచ్చారు, వాళ్ళకు ఏం కరువైంది?" అని వినేవాళ్ళను అడగాలి. కాన్పుకొచ్చిన స్త్రీలకు డాక్టరు కరువైతే ఆమె దవాఖాన పెట్టింది. ఊళ్ళు విడిచి వచ్చినవాళ్ళకు నిలువ నీడ కరువైతే సొంత నేల చూపించింది. పిల్లలకు బడి కరువైతే బడి పెట్టింది. ఈ వరుస వినేవాళ్ళకు పట్టుబడితే చాలు, తేదీలు మరిచిపోయినా నష్టం లేదు. ఈ వరుస పోగొట్టుకుని పురస్కారాల జాబితా చదివితే మాత్రం ఎంతసేపు మాట్లాడినా ఒక్క మాటా మిగలదు.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

పెద్దగా ఏమీ అక్కరలేదు. గుప్పెడు ముగ్గుపిండి, మూడు కిలోల జొన్నలు, ఒక చాట, ఒక నోటుపుస్తకం ఉంటే సరిపోతుంది. ప్రొజెక్టర్ ఉన్నా వాడవద్దు. ఎందుకో తరువాత చెబుతాను.

పేరును సరిగా పలకడంతో మొదలుపెట్టండి. సోమాలీ భాషకు 1972లో రోమన్ లిపిని అధికారికంగా స్వీకరించారు. ఆ రాతలో కొన్ని అక్షరాలకు మనకు అలవాటైన ఇంగ్లీషు ఉచ్చారణ ఉండదు కనుక, అక్కడివాళ్ళు రాసే పేరును చూసి అలాగే చదివితే తప్పు పోతుంది. "హావా" అని దీర్ఘంతో పలికితే చాలు. ఈ పేరు మన ప్రాంతంలో చాలామందికి తెలిసినదే: తెలుగు బైబిలులో ఆదాము భార్య హవ్వ, ముస్లిం కుటుంబాల్లో చెప్పుకునే హవ్వా, ఈ హావా, మూడూ ఒకే పేరు. ఒక గ్రామంలో ఈ సంగతి చెప్పగానే చర్చికి వెళ్ళే ఒక అక్క, పక్కనే కూర్చున్న ఒక ముస్లిం అమ్మ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. దూరదేశపు డాక్టరు ఆ క్షణంలోనే ఆ వాకిట్లోకి వచ్చి కూర్చున్నట్టయింది.

తరువాత నేల మీద ముగ్గుపిండితో పటం గీయండి. ఆఫ్రికా తూర్పు కొసన సముద్రంలోకి కొమ్ములా పొడుచుకువచ్చిన నేల సోమాలియా. తీరం వెంట ఒక గీత, ఆ గీత మీద రాజధాని మొగదీషుకు ఒక చుక్క పెట్టండి. ఇథియోపియా కొండల్లో పుట్టి కిందికి దిగే షబెల్లె నదికి మరో గీత గీయండి. ఆ నది మొగదీషుకు దగ్గరదాకా వచ్చి, అక్కడి నుంచి తీరానికి సమాంతరంగా మళ్ళి, చాలా ఏళ్ళలో సముద్రాన్ని చేరకుండానే చిత్తడి నేలల్లో ఇంకిపోతుంది. వాగు నిండితే పంట, ఎండితే వలస అన్న లెక్క డిండి వాగు పక్కన పెరిగినవాళ్ళకు వివరించనక్కరలేదు. దక్షిణ సోమాలియాలో జొన్న, మొక్కజొన్న పండిస్తారు. మన వానాకాలం, యాసంగిలాగా వాళ్ళకూ ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఒక వానల కాలం, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మరొకటి ఉంటాయి. వాటి పేర్లు గు, దైర్. ఈ రెండు మాటలు ముందే చెప్పి ఉంచండి, కరువు దగ్గరికి వచ్చినప్పుడు పనికొస్తాయి.

ఎక్కడ మొదలుపెట్టాలి

మొదటిసారి నేను చేసిన తప్పు చెబుతాను. ఆమె 1947 మే 17న పుట్టిందని, 2012లో నోబెల్ శాంతి బహుమతికి ఆమె పేరు ప్రతిపాదించారని, సోమాలియాలో తొలి మహిళా స్త్రీవైద్య నిపుణురాలని వరుసగా చెప్పుకుంటూ పోయాను. అయిదు నిమిషాలు తిరగకముందే వెనుక వరుసలో పొదుపు పుస్తకాల లెక్కలు మొదలయ్యాయి. వాళ్ళ తప్పేమీ లేదు. పెద్దవాళ్ళ పేర్లు, వాళ్ళకు కప్పిన శాలువాలు మన సభల్లో రోజూ వినేవే.

అందుకని ఇప్పుడు తల్లి మరణంతో మొదలుపెడతాను. హావాకు పన్నెండేళ్ళ వయసున్నప్పుడు తల్లి కాన్పు కష్టమై చనిపోయింది. ఇంటికి పెద్ద కూతురు కావడంతో చెల్లెళ్ళ బాధ్యత ఆమె మీద పడింది. ఇక్కడ ఆగండి, తొందరపడకండి. నలభై దాటిన ఆడవాళ్ళు కూర్చున్న ఏ వాకిట్లోనైనా, కాన్పులో పోయిన ఒక అక్కో, వదినో, చిన్నమ్మో జ్ఞాపకం వచ్చేవాళ్ళు ఉంటారు. ఎవరైనా చెప్పబోతే చెప్పనివ్వండి. గంట కాస్తా గంటన్నర అయినా ఫరవాలేదు. 2018-20 లెక్కల ప్రకారం తెలంగాణలో లక్ష కాన్పులకు 43 మంది తల్లులు చనిపోయారు. అదే కాలంలో సోమాలియాలో ఆ సంఖ్య ఆరు వందలకు పైనే ఉందని ఐక్యరాజ్యసమితి సంస్థల అంచనా. ఈ అంకెలు చెప్పండి గానీ, మనం ఎంతో మెరుగని చెప్పుకోవడానికి వాడవద్దు. ఆ 43 మందిలో ఎవరి తల్లి ఉందో ఎదురుగా కూర్చున్నవాళ్ళకు తెలిసి ఉండవచ్చు.

చదువు భాగాన్ని త్వరగా దాటించండి. ఆ కాలంలో సోవియట్ యూనియన్ ఇచ్చిన ఉపకార వేతనంతో 1964లో వెళ్ళి, కీవ్ నగరంలో వైద్యం చదివి, 1971లో పట్టా తీసుకుని తిరిగి వచ్చింది. మొగదీషులో పగలు డాక్టరుగా పనిచేస్తూనే న్యాయశాస్త్రం చదివి 1979లో ఆ పట్టా కూడా సంపాదించింది. డాక్టరుకు లా చదువు ఎందుకని పదో తరగతి పిల్లలు తప్పకుండా అడుగుతారు. జవాబు మీరు చెప్పకండి. కథలో ముందుకు పోయాక, భూమి గురించి, శిబిరం కట్టుబాట్ల గురించి విన్న తరువాత వాళ్ళనే చెప్పమనండి.

ఒక గది, ఇరవై నాలుగు గింజలు

1983లో ఆమె షబెల్లె దిగువ ప్రాంతంలో, మొగదీషు నుంచి అఫ్గోయీ పట్టణానికి పోయే దారి పక్కన, తమ కుటుంబపు నేలలో ఒక గది దవాఖాన తెరిచింది. పల్లెల నుంచి వచ్చే స్త్రీలకు డబ్బు తీసుకోకుండా కాన్పులు చేసేది. రోజుకు దాదాపు ఇరవై నలుగురు వచ్చేవారు. ముగ్గుతో నేల మీద చిన్న చదరం గీసి, దానిలో ఇరవై నాలుగు జొన్న గింజలు ఒక్కొక్కటే లెక్కపెట్టి పెట్టండి. పిల్లలుంటే వాళ్ళతోనే పెట్టించండి.

ఇక్కడే మీ ప్రశ్న వేయండి: ఎవరొచ్చారు, ఏం కరువైంది? పట్నంలో పెద్దాసుపత్రి ఉంది, అక్కడ ఆమెకు ఉద్యోగమూ ఉంది. కానీ నొప్పులు పడుతున్న మనిషి ఆ దూరం పోలేదు. చందంపేట మండలంలోనో, నల్లమల అంచున అమ్రాబాద్ వైపో కాన్పు నొప్పులతో ఆటోలో కూర్చుని రోడ్డు మీద ఎదురుచూసినవాళ్ళు ఈ మాటను మనకంటే బాగా వివరిస్తారు, కాబట్టి ఈ చోట మీరు తగ్గి వాళ్ళను మాట్లాడించండి.

ప్రజారోగ్యం అన్న మాటను కూడా ఈ దశలోనే విప్పి చెప్పాలి. డాక్టరంటే సూది, గోళీ అన్న అభిప్రాయం మనలో గట్టిగా ఉంది. నల్లగొండ జిల్లాలో దీన్ని మార్చడానికి మన దగ్గర ఉన్నంత బలమైన ఉదాహరణ మరెక్కడా దొరకదు. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్ళు తాగి పళ్ళు గారపట్టి, వెన్ను వంగి, మోకాళ్ళు వంకరపోయినవాళ్ళను ఏ సూదీ నిలబెట్టలేకపోయింది. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటకుండా చూడడమే దానికి మందు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును అడుక్కు దించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించారు. దానికి పెట్టిన పేరే నల్లగొండ పద్ధతి. ఆ పేరుతోనే అది ఇథియోపియా, టాంజానియా దేశాల పల్లెలకు చేరింది. మన జిల్లా పేరు తూర్పు ఆఫ్రికాలో నీళ్ళ కుండల దగ్గర పలుకుతారని చెప్పినప్పుడు వినేవాళ్ళ వెన్ను నిటారవుతుంది. ఈ ఒక్క మాట కోసమైనా ఈ వివరం వదలకండి. ఊరి నీళ్ళు, ఊరి తిండి, ఊరి కాన్పు, ఊరి బడి చూసుకునేది ప్రజారోగ్యం అని ఇక్కడ తేలితే, హావా అబ్ది ఆ తరువాత చేసిన పనులన్నీ డాక్టరు పనులేనని వాళ్ళకు అర్థమవుతుంది.

యుద్ధం, శిబిరం

1991లో సోమాలియాను ఏళ్ళ తరబడి ఏలిన సైనిక పాలకుడు సియాద్ బరే ప్రభుత్వం కూలిపోయింది. తెగల సేనలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. పోగలిగిన డాక్టర్లు చాలామంది దేశం విడిచిపోయారు. ఉండిపొమ్మని, నీ చదువును బలహీనుల కోసం వాడమని హావాకు ఆమె నానమ్మ చెప్పిందట. ఆమె ఉండిపోయింది. రోగులతో పాటు వాళ్ళ కుటుంబాలు వచ్చాయి, వాళ్ళ వెనుక ఊళ్ళకు ఊళ్ళు వచ్చాయి. కొమ్మలను వంచి కట్టి, పైన గుడ్డలు కప్పిన గుడిసెలు ఆ పొలాల్లో వెలిశాయి. గది పెరిగి నాలుగు వందల పడకల ఆసుపత్రి అయింది. తరువాతి ఏళ్ళలో మొగదీషులో పోరు మళ్ళీ ముదిరినప్పుడు ఆ అఫ్గోయీ దారి వెంట నాలుగు లక్షల మంది దాకా తలదాచుకున్నారు; వారిలో దాదాపు తొంభై వేల మంది హావా అబ్ది నేల మీద ఉన్న కాలం ఉంది.

ఈ అంకెను నోటితో చెబితే గాలికి పోతుంది. నేను ఒకసారి వెయ్యి జొన్న గింజలు లెక్కపెట్టి, బంగారం తూచే చిన్న త్రాసులో తూచి చూశాను. ముప్పై గ్రాములు తూగాయి. ఆ లెక్కన తొంభై వేల గింజలంటే రెండు కిలోల ఏడు వందల గ్రాములు. ఇంటి దగ్గరే తూచి సంచిలో తెచ్చుకుని, ఇరవై నాలుగు గింజలున్న ఆ చిన్న చదరం మీద చాటతో మెల్లగా పోయండి. చదరం గీతలు కనబడకుండా పోతాయి, గింజలు చుట్టూ దొర్లుతాయి, పిల్లలు వాటిని చేతులతో లోపలికి నెట్టాలని చూస్తారు. నేను చెప్పిన ఏ మాటా చేయని పని ఆ చప్పుడు చేస్తుంది. పట్నంతో పోల్చి చెప్పాలనుకుంటే, 2011 జనాభా లెక్కల్లో మిర్యాలగూడ పట్టణంలో ఉన్నది లక్షకు కాస్త పైగా జనం. దాదాపు అంత పట్టణం ఒక ఆడమనిషి పొలంలోకి నడిచి వచ్చిందన్నమాట. ఒక జాగ్రత్త: తొంభై వేలు శిబిరంలో తలదాచుకున్నవాళ్ళ సంఖ్య, రోజూ వైద్యం పొందినవాళ్ళది కాదు. ఈ రెండూ కలిపి చెప్పినవాళ్ళను నేను విన్నాను.

ఆ శిబిరంలో ఆమె పెట్టిన కట్టుబాట్లు రెండు. ఇక్కడ నీది ఏ తెగ, నాది ఏ తెగ అన్న మాట రాకూడదు. ఆ మాట ఎత్తినవాడికి చోటు లేదు. భార్య మీద చెయ్యి ఎత్తకూడదు. ఎత్తినవాడిని సామాను కొట్టులో బంధిస్తారు. నా అనుభవంలో ఈ గంట మొత్తానికి ఇదే ఆయువుపట్టు. ఈ రెండు మాటలూ నిదానంగా చెప్పి, పది నిమిషాలు మౌనంగా ఉండడానికి సిద్ధపడండి.

దేవరకొండ దగ్గర ఒక ఊళ్ళో రెండో కట్టుబాటు వినగానే ఒకామె, "మా ఊళ్ళె గిట్ల పెడ్తె సగం మంది మొగోళ్ళు గోదాంలనే ఉంటరు" అన్నది. అందరూ నవ్వారు. నవ్వు ఆగాక ఒక ఆశా కార్యకర్త, "సార్, మరి తాళంచెవి ఎవరి దగ్గరుంటది?" అని అడిగింది. ఇంతకాలం ఈ కథ చెప్పినా నాకు తట్టని ప్రశ్న అది. నియమం గోడ మీద రాసుకోవచ్చు. దాన్ని నిలబెట్టే మనిషి ఎవరు, ఆ మనిషికి అండ ఎవరు అన్నదే అసలు సంగతి. ఆ రోజు మిగిలిన సమయమంతా ఆ ఒక్క ప్రశ్న మీదే గడిచింది: సర్పంచా, సంఘమా, సఖి కేంద్రమా, 181 మహిళా సహాయ నంబరా, పోలీసు స్టేషనా, తాగి వచ్చిన రాత్రి పూట వీటిలో ఏది తలుపు తీస్తుంది? మీ దగ్గర ఈ ప్రశ్న ఎవరూ అడగకపోతే మీరే అడగండి. సమావేశంలో ఏ ఒక్కరి ఇంటి సంగతినీ పేరు పెట్టి ఎత్తనివ్వకండి; చెప్పుకోదలచినవాళ్ళు తరువాత విడిగా వచ్చి చెబుతారు, వారికోసం కాసేపు అక్కడే ఉండండి.

మొదటి కట్టుబాటు దగ్గర తెగ అంటే కులమేనా అని అడుగుతారు. రెండూ ఒకటి కాదు. సోమాలీ జనం దాదాపు అందరిదీ ఒకే భాష, ఒకే మతం. తెగ అక్కడ తండ్రి వంశం పేరుతో వస్తుంది, యుద్ధంలో ఏ సేన ఎవరిదో దానితోనే తేలేది. అయినా నీళ్ళ దగ్గర వరుసలో నిలబడినప్పుడు ఎవరి పేరుకు ముందు ఏం అడుగుతారన్న దాంట్లో పోలిక ఉంది. ఆ పోలికను వాళ్ళే చూసుకోనివ్వండి.

2010 మే నెల

హిజ్బుల్ ఇస్లాం అనే సాయుధ ముఠాకు చెందిన వందల మంది 2010 మే నెలలో ఆసుపత్రి మీద పడ్డారు. ఆడమనిషివి, ముసలిదానివి, ఇంతటిదాన్ని నువ్వెలా నడుపుతావు, మాకు అప్పగించు అన్నది వాళ్ళ వాదన. ఆమె అప్పగించలేదు. ఆమెను నిర్బంధించారు, ఆసుపత్రిని పాడుచేశారు. శిబిరంలోని స్త్రీలు ఎదురుతిరిగి గట్టిగా నిరసన తెలిపారు; విదేశాల్లో ఉన్న సోమాలీలు, మానవ హక్కుల సంస్థలు గొంతెత్తాయి. చివరికి ముఠా వెనక్కు తగ్గింది. క్షమాపణ నోటిమాటగా చాలదని, రాసి ఇవ్వాలని ఆమె పట్టుబట్టింది, వాళ్ళు రాసి ఇచ్చారు. లా చదువు ఎందుకన్న పిల్లల ప్రశ్నను ఇప్పుడు తిరిగి తీయండి. కాగితం విలువ తెలిసిన మనిషి కాగితమే అడిగింది.

ఈ భాగం చెప్పేటప్పుడు ఒక విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. దాడి చేసినవాళ్ళు మతం పేరు పెట్టుకున్నారు. ఆమెదీ, ఆమె కాపాడిన తొంభై వేల మందిదీ, ఆమె కోసం ఎదురుతిరిగిన స్త్రీలదీ అదే మతం. ఈ రెండో వాక్యం చెప్పకుండా మొదటి వాక్యం ఒక్కటే చెబితే, వింటున్న ముస్లిం కుటుంబాలను గాయపరచినవాళ్ళమవుతాం, కథనూ అబద్ధం చేసినవాళ్ళమవుతాం. నేను ఈ రెండు మాటలనూ ఊపిరి తీసుకోకుండా ఒకదాని వెంట ఒకటి చెబుతాను.

కరువు, బొమ్మలు

2010 దైర్ వానలు రాలేదు, 2011 గు వానలు రాలేదు. 2011 జూలై 20న ఐక్యరాజ్యసమితి దక్షిణ సోమాలియాలోని రెండు ప్రాంతాల్లో క్షామం ప్రకటించింది. వాటిలో ఒకటి హావా అబ్ది ఆసుపత్రి ఉన్న షబెల్లె దిగువ ప్రాంతమే. 2010 అక్టోబరు నుంచి 2012 ఏప్రిల్ దాకా ఆ క్షామంలో దాదాపు రెండు లక్షల అరవై వేల మంది చనిపోయారని, అందులో సగానికి పైగా అయిదేళ్ళలోపు పిల్లలని తరువాత లెక్క తేలింది. వానలు లేకపోవడం ఒక్కటే కారణం కాదు. యుద్ధం వల్ల సాయం లోపలికి పోలేదు, గింజల ధర కొనేవాళ్ళకు అందలేదు.

ప్రొజెక్టర్ వద్దని అన్నది ఇందుకే. ఒకసారి నేను ఎముకల గూడులా ఉన్న పిల్లల ఫోటోలు తెర మీద చూపించాను. తల్లులు కొంగు అడ్డం పెట్టుకున్నారు, ఒకామె ఒడిలో పిల్లను ఎత్తుకుని బయటికి వెళ్ళిపోయింది, ఆ తరువాత ఎవరూ నోరు విప్పలేదు. ఆ పిల్లలకూ పేర్లుంటాయి, తల్లులుంటారు. వాళ్ళ అనుమతి లేకుండా ఆ బొమ్మను ఇంకో దేశంలో సభకు చూపించే హక్కు నాకు ఎవరిచ్చారని ఆ రాత్రి అనిపించింది. జాలి పుట్టించడం సులభం. జాలి పుట్టాక మనిషి ఇంటికి పోతాడు, పని చెయ్యడు. దానికి బదులు అంగన్‌వాడీలో పిల్లల జబ్బ చుట్టుకొలత చూసే రంగుల టేపు ఉంటుంది కదా, అది తీసుకువెళ్ళండి. ఎర్ర గీత 11.5 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. అంతకు లోపున్న పిల్లకు వెంటనే చికిత్స అందాలి. అక్కడి కరువు శిబిరాల్లోనూ ప్రాణం నిలిచే పిల్లను, పోయే పిల్లను ముందుగా పసిగట్టింది అలాంటి టేపులతోనే. టేపును చేతి నుంచి చేతికి అందించండి, తల్లులు తమ పిల్లల జబ్బకు తామే చుట్టి చూసుకుంటారు.

చివరి భాగం క్లుప్తంగా చాలు. 2012లో ముఠాలు మళ్ళీ వచ్చినప్పుడు కొంతకాలం ఆసుపత్రి ఆగింది. ఆమె కూతుళ్ళు డెఖో, అమీనా ఇద్దరూ డాక్టర్లై తల్లి పనిలో చేరారు. 2020 ఆగస్టు 5న మొగదీషులో, డెబ్బై మూడేళ్ళ వయసులో హావా అబ్ది కన్నుమూసింది.

అడిగే ప్రశ్నలు

ప్రతి ఊళ్ళోనూ వచ్చే ప్రశ్న ఒకటుంది. మొదట దాన్ని అడిగింది ఒక అవ్వ: "అది సరే గానీ బిడ్డా, ఆమెకు అంత జాగ ఎక్కడిది?" తడబడకండి, నిజం చెప్పండి. అది కుటుంబపు నేల, వందల ఎకరాలు. నేల చేతిలో ఉండడం వల్లనే ఆమె అంతమందికి చోటు ఇవ్వగలిగింది. పట్టా తమ పేరు మీద లేని ఆడవాళ్ళకు ఈ మాట వేరే రకంగా వినిపిస్తుంది. దీన్ని దాటవేసి త్యాగం గురించి ఉపన్యసిస్తే వాళ్ళు మర్యాదకు తల ఊపుతారు, అంతే.

అక్కడ కాన్పులు అంత కష్టం ఎందుకవుతాయని ఆడవాళ్ళు అడిగితే, దూరం, రక్తహీనత, యుద్ధం అన్న కారణాలతో పాటు, ఆడపిల్లలకు చిన్న వయసులో జననాంగాన్ని కోసే ఆచారం అక్కడ దాదాపు అందరిలో ఉందని, దానివల్ల కాన్పులో గాయాలు, రక్తస్రావం పెరుగుతాయని చెప్పాలి. వినేవాళ్ళు ఆడవాళ్ళే అయినప్పుడు మాత్రమే చెప్పండి. ఇతరుల ఆచారాన్ని వింతగా చూపించడానికి కాకుండా, ఒక వైద్యురాలు తన దగ్గరికి వచ్చిన దేహాల్లో రోజూ చూసిన నష్టంగా చెప్పండి.

వృద్ధులు ఎక్కువగా ఉన్న చోట సమయం మిగిలితే మరో సంగతి కలపండి. ముగ్గు పటంలో మొగదీషుకు దక్షిణంగా తీరం మీద మెర్కా అనే పట్టణానికి చుక్క పెట్టండి. అదీ షబెల్లె దిగువ ప్రాంతమే. ప్రపంచంలో సహజంగా సోకిన చివరి మశూచి 1977 అక్టోబరులో అక్కడి ఆసుపత్రి వంటమనిషి అలీ మావ్ మాలిన్‌కు వచ్చింది. అతను బతికాడు, తరువాతి కాలంలో పోలియో చుక్కల పనిలో చేరి ఇంటింటికీ తిరిగాడు, 2013లో ఆ పనిలో ఉండగానే మలేరియాతో చనిపోయాడు. మన దగ్గర పెద్దమ్మవారు అని పిలిచిన జబ్బు ఇదే. ఈ మాట అనగానే ముసలివాళ్ళు జబ్బ మీది గుండ్రటి టీకా మచ్చలు బయటికి తీసి చూపిస్తారు. పిల్లలను దగ్గరికి వెళ్ళి ముట్టుకుని చూడమనండి.

ఎడ్నా అదాన్ ఇస్మాయిల్ గురించి విన్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఇద్దరినీ కలిపేస్తారు. ఆమె సోమాలీలాండ్‌లోని హర్గీసాకు చెందిన నర్సు, మంత్రసాని పనిలో శిక్షణ పొందిన మనిషి. ఆమె కట్టించిన కాన్పుల ఆసుపత్రి 2002లో మొదలైంది. ఎడ్నా డాక్టరు కాదు. ఏఎన్‌ఎంల సమావేశానికైతే ఆమె జీవితం ఇంకా బాగా అతుకుతుంది, కానీ దానికి ఇంకో రోజు పెట్టుకోండి.

ముగించే ముందు చేయించవలసిన పని

గింజలు ఇంకా నేల మీద ఉండగానే నోటుపుస్తకం తెరవండి. సబ్‌సెంటరుకో, పల్లె దవాఖానకో పోయిన నెలలో ఎవరెవరు వచ్చారు, ఏం లేక తిరిగిపోయారు అని అడగండి. మొదట బీపీ గోళీలు లేవన్న ఫిర్యాదు వస్తుంది. దానితో ఆగకుండా, ఎవరు రానే రాలేదని కూడా అడగండి: తండా నుంచి బస్సు లేక రానివాళ్ళు, కూలి పోతుందని రానివాళ్ళు, బొంబాయికి వలసపోయిన కోడలు అక్కడే కాన్పు పెట్టుకోవలసి వచ్చినవాళ్ళు. వాళ్ళు చెప్పినట్టే, వాళ్ళ మాటల్లోనే రాయండి. ఒకచోట ఇలా రాసిన జాబితాలో రోగం పేరు లేని మాట ఒకటి మూడుసార్లు వచ్చింది: సబ్‌సెంటరు తలుపు దగ్గర కూర్చోవడానికి నీడ లేదని. మరుసటి నెల ఆ సంఘం ఆడవాళ్ళే నాలుగు నిట్టాళ్ళు పాతి, పైన తాటాకులు కప్పించారు.

జాబితా పూర్తయ్యాక దాని నకలు ఒకటి ఏఎన్‌ఎంకు, ఒకటి గ్రామ పంచాయతీకి ఇప్పించి, ఇచ్చినట్టు సంతకం తీసుకోండి. జొన్నలను ఊడ్చి, చెరిగి, మట్టి తీసి, ఎవరి ఇంట్లో సమావేశం జరిగిందో వాళ్ళకే ఇచ్చిరండి.